ఐదు స్టార్లు ఇచ్చింది నేనే, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను

కుక్కల మొరుగుడు ఆపే ఈ మెషీన్‌కి మూడు నెలల కింద ఐదు స్టార్లు ఇచ్చింది నేనే. "నాలుగు రోజుల్లో మొరుగుడు బంద్, ఇల్లు ప్రశాంతం, కళ్లు మూసుకుని కొనుక్కోండి" అని రాశాను. ఆ మాట నమ్మి నాకు తెలిసినవాళ్లే ఇద్దరు కొన్నారు. కాబట్టి దాన్ని వెనక్కి తీసుకోవాల్సిందీ నేనే. సున్నా పెట్టే వీలు లేదు గనక ఒకటి పెడుతున్నాను. కొనేముందు నేను వెతికినప్పుడు "పని చేసింది", "పని చేయలేదు" అన్న రెండు ముక్కలే కనిపించాయి. పని చేయడమంటే ఏమిటో ఎవరూ రాయలేదు. అందుకే కొంచెం పొడుగైనా జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా మల్లికి ఏడేళ్లు. ఏ జాతో చెప్పలేం, తెల్లటి ఒళ్లు, ఎడమ చెవి మాత్రం గోధుమరంగు. ఏడేళ్లలో అది మొరిగిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఎవరైనా తలుపు కొడితే ఒకసారి "భౌ" అని, మనం లేచామని తెలియగానే ఊరుకునేది. అలాంటిది ఒక వారంలో మారిపోయింది. మొదట వాషింగ్ మెషీన్. బట్టలు ఉతకడం అయిపోయాక మూడుసార్లు కీచుమంటుంది కదా, ఆ చప్పుడికి ఉలిక్కిపడి లేచి ఆగకుండా మొరిగింది. అదే చప్పుడు ఏడేళ్లుగా వింటోంది! రెండు రోజులకి మైక్రోవేవ్, తర్వాత నా ఫోన్‌కి మెసేజ్ వచ్చిన చప్పుడు, ఆఖరికి ఏ చప్పుడూ లేకుండానే. రాత్రి రెండింటికి లేచి హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకి తిరగడం, ఆయాసపడడం, గోడవైపు చూసి మొరగడం.

నేను ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాను. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా క్లాసులు. సమీకరణం సగంలో ఉండగా మల్లి మొదలుపెడితే మ్యూట్ చేసి, పరుగెత్తి, కసిరి, మళ్లీ వచ్చి కూర్చోవడం నా పని అయింది. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది, "మేడమ్, మల్లి భయపడుతోందా?" అని. "లేదమ్మా, ఊరికే అల్లరి" అన్నాను. ఆ పిల్ల గొంతు విని పట్టుకుంది. నేను పక్కనే ఉండి పట్టుకోలేదు.

పై వాటా ఆయన మెట్లమీద ఆపి, "ఏమ్మా, రాత్రి రెండింటికి కూడా మొరిగింది. మా పాపకి నిద్ర లేదు" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆ రాత్రే ఈ మెషీన్ ఆర్డర్ పెట్టాను.

అరచేతిలో పట్టేంత తెల్లటి పెట్టె. పైన ఆకుపచ్చ లైటు, వెనక మూడు స్థాయిల బటన్. లోపల చిన్న మైకు ఉంటుంది. మొరుగు వినగానే మనకు వినబడని చప్పుడొకటి వదులుతుంది, అప్పుడు లైటు ఎర్రగా మారుతుంది. మన చెవి దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాకా వింటే కుక్క చెవి దాదాపు 45 దాకా వింటుంది. ఆ మధ్యలో ఎక్కడో ఈ మెషీన్ అరుస్తుందన్నమాట. అట్టమీద "నొప్పి ఉండదు, హాని ఉండదు, పూర్తిగా సురక్షితం" అని రాసి ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు తట్టాల్సిన ప్రశ్న చాలా మామూలుది. ఆ చప్పుడు కుక్కకి బాధ కలిగించకపోతే, కుక్క ఎందుకు ఆగుతుంది? మనకు వినబడదు కాబట్టి మెత్తగా ఉందనుకున్నాను. అది విన్నది మల్లి.

నేను లెక్కల మనిషిని, నోటు పుస్తకంలో గీతలు గీశాను. పెట్టకముందు రోజు 31 సార్లు మొరిగింది. మెషీన్ పెట్టిన రోజు 19. రెండో రోజు 8, మూడో రోజు 2, నాలుగో రోజు సున్నా. ఆ సున్నా చుట్టూ నేను గుండ్రం కూడా చుట్టాను. ఆ ఉత్సాహంలోనే ఐదు స్టార్లు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి మల్లిని పిలిచాను. రాలేదు. బాత్‌రూమ్‌లో, తలుపు వెనక, బకెట్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని కూర్చుని ఉంది. గడ్డం కింద నేలమీద చొంగ కారి పళ్లెమంత మడుగు. చెవులు తలకి అతుక్కుని ఉన్నాయి, కళ్ల తెల్లగుడ్డు అంచు కనబడుతోంది. ముందు కాలి పంజా నాకి నాకి వెంట్రుకలు ఎర్రబారాయి. నేను చెయ్యి చాపితే రాలేదు సరికదా, ఒకసారి మూతి నాకి తల పక్కకి తిప్పుకుంది. ఏడేళ్లలో అది నా చేతికి తల తిప్పుకోవడం అదే మొదలు.

నేలమీద దాని పక్కనే కూర్చున్నాను. అప్పుడు కిటికీ బయట ఏదో కుక్క మొరిగింది. హాల్లో గోడమీద ఆకుపచ్చ లైటు ఎర్రగా వెలిగింది. మల్లి ఒళ్లు తల నుంచి తోక దాకా ఒక్కసారి వణికి ముడుచుకుంది. అది నోరు తెరవలేదు, వేరే కుక్క మొరిగితే దీనికి దెబ్బ పడింది. అప్పటికి పదకొండు రోజులుగా రోజుకి ఎన్నిసార్లు అలా పడిందో నా నోటు పుస్తకంలో లేదు. నేను లెక్కపెట్టింది మొరుగులనే.

లేచి వెళ్లి బ్యాటరీలు పీకేశాను. అమ్మినవాళ్లకి ఫోన్ చేసి వెనక్కి తీసుకోమన్నాను. "పని చేస్తోంది కదా మేడమ్, మొరగడం ఆగింది కదా, పని చేసే వస్తువు రిటర్న్ తీసుకోం" అన్నాడు ఆ అబ్బాయి. వాళ్ల లెక్కలో అది నిజమే. పని చేస్తోందని చేత్తో రాసిచ్చిందాన్ని నేనే.

భయంతో అరిచే ప్రాణిని అరవకుండా చేస్తే భయం పోదు, అరుపు పోతుంది. పైగా వాషింగ్ మెషీన్ కీచుమన్న క్షణంలోనే ఇంకో భరించలేని చప్పుడు వచ్చి పడితే, ఆ కీచుమనడం నిజంగానే ప్రమాదమని దానికి రుజువు చేసినట్టవుతుంది. ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం, ఏవీఎస్‌ఏబీ, 2021లో ఇచ్చిన ప్రకటనలో కుక్కలకు శిక్షణ ఇచ్చేటప్పుడు, ప్రవర్తన సమస్యలు సరిచేసేటప్పుడు కూడా, బహుమతితో నేర్పే పద్ధతులే వాడమని చెప్పింది. బెదిరింపు, బాధ మీద నడిచే పద్ధతులు భయాన్నీ ఆందోళననీ పెంచుతాయంది. కొనకముందు చదవాల్సింది కొన్నాక చదివాను.

ఆ తర్వాత వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నిజానికి మొదటి రోజే వెళ్లాల్సింది. మొరుగుడు అంటే "అలవాటు", డాక్టర్ అంటే "జబ్బు" అని నా బుర్రలో రెండు వేరువేరు గదులు ఉండేవి. డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఎప్పటినుంచి?" నెలన్నర అన్నాను. "ఏడేళ్లు నెమ్మదిగా ఉన్న కుక్క నెలన్నరలో మారిందంటే ముందు ఒళ్లు చూడాలమ్మా. చెవులు, పళ్లు, కీళ్లు, కళ్లు, థైరాయిడ్. వయసు ఇంకా పైబడ్డ కుక్కయితే మతిమరుపు కూడా" అని, "వీడియో ఉందా?" అన్నారు.

ఉంది. పై వాటా ఆయనకి చూపించడానికి తీసిందే. మేమందరం ఆ వీడియోలో మొరుగుడు విన్నాం. ఆవిడ సౌండు ఆపేసి చూశారు. ఒకసారి, రెండోసారి, మూడోసారి వేగం తగ్గించి. తర్వాత ఫోన్ నా వైపు తిప్పి, "కాళ్లు చూడండి" అన్నారు. బీప్ రాగానే మల్లి ఉలిక్కిపడుతుంది. ముందు కాళ్ల మీద లేస్తుంది, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ పైకి తెచ్చుకుంటుంది, కుడి వెనక కాలు మీద బరువు వేయకుండా ఎడమ వైపుకి ఒరుగుతుంది. మొరుగు ఆ తర్వాత వస్తుంది. మొరుగు ఆగగానే మెడ తిప్పి కుడి తుంటి నాకుతుంది. ఇంతా కలిపి ఆరు సెకన్లు. నేను ఆ వీడియో పదిసార్లైనా చూసి ఉంటాను.

బల్లమీద ఎక్కించి తుంటి మెల్లగా వెనక్కి చాపితే మల్లి కుయ్యిమనలేదు, కరవలేదు. ఊపిరి బిగబట్టింది, మూతి నాకింది. అంతే. "ఇలాగే దాచుకుంటాయి" అన్నారు డాక్టరమ్మ. ఎక్స్‌రేలో కుడి తుంటి కీలు అరిగి ఉంది.

నొప్పికీ చప్పుడుకీ ఏమిటి సంబంధం అని అడిగాను. చప్పుడికి ఉలిక్కిపడగానే కండరాలు బిగుస్తాయి, అరిగిన కీలు కలుక్కుమంటుంది. రెండు మూడుసార్లు అలా జరిగితే కుక్కకి చప్పుడే నొప్పి అయిపోతుంది, తర్వాత ఆ చప్పుడు వినిపించే చోటు కూడా. బ్రిటన్‌లోని లింకన్ యూనివర్సిటీ వాళ్లతో కలిసి చేసిన ఒక పరిశీలన 2018లో వచ్చింది. చప్పుళ్లకి భయపడే 20 కుక్కల్ని చూశారు, పదింటికి కండరాల, కీళ్ల నొప్పి ఉంది, పదింటికి లేదు. నొప్పి ఉన్నవాటిలో ఈ భయం సగటున నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైంది. ఇరవై అంటే చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. కానీ పెద్ద వయసులో ఉన్నట్టుండి పుట్టిన భయం అన్న ఆ మాట చదివితే మా ఇంట్లో జరిగింది ఎవరో రాసినట్టే ఉంది.

ఆ కీచు చప్పుళ్ల సంగతి కూడా తర్వాత తెలిసింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు 2021లో ఇంటి చప్పుళ్ల మీద ఒక అధ్యయనం వేశారు. వాక్యూమ్ క్లీనర్‌లా బండగా ఆగకుండా మోగేదానికంటే, పొగ అలారం బ్యాటరీ అయిపోయేటప్పుడు కీచుమన్నట్టు ఆగి ఆగి వచ్చే సన్నటి చప్పుడే కుక్కల్ని ఎక్కువ కంగారు పెడుతుందట. యజమానులు ఆ కంగారుని గుర్తుపట్టడంలో వెనకబడ్డారని కూడా అందులో ఉంది. మా వాషింగ్ మెషీన్‌లో బీప్ ఆపేసే సెట్టింగ్ ఉందని ఆ రోజు మాన్యువల్ తీసి చూస్తే తెలిసింది. రెండు బటన్లు కలిపి మూడు సెకన్లు నొక్కాలి. ఇంత తేలికైన పని ముందు చేసి ఉంటే అని రోజుకోసారి అనుకుంటాను.

రక్తపరీక్ష చేసి, కాలేయం, కిడ్నీలు బాగున్నాయని చూసుకున్నాకే నొప్పి మందు రాశారు. కుక్కలకని తయారుచేసిందే రాశారు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకి వేయొద్దు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు తెస్తుంది, కిడ్నీలు దెబ్బతీస్తుంది. పారాసెటమాల్‌తో కాలేయానికి ముప్పు. "చిన్న ముక్కేగా" అని వేసేవాళ్లు నాకు తెలుసు. మందుతోపాటు మల్లి బరువు 19 కిలోల నుంచి తగ్గించమన్నారు, ఇప్పుడు పదిహేడున్నర. నున్నటి నేలమీద కాళ్లు జారకుండా హాల్లో అది తిరిగే దారి పొడుగునా రబ్బరు చాపలు పరిచాం.

మందు మొదలుపెట్టిన పన్నెండో రోజు రాత్రి నడకలు ఆగాయి. మొరుగులు రోజుకి 31 ఉన్నవి 12కి వచ్చాయి. మెషీన్ సాధించిన సున్నా కంటే నాకు ఈ పన్నెండు వెయ్యి రెట్లు నయం. మొరిగాక ఇప్పుడు నా దగ్గరికి వస్తోంది, బకెట్ వెనక్కి కాదు.

మధ్యలో ఇంకో రెండు వస్తువులు కొన్నాను, వాటి గురించి కూడా చెబుతాను. ఒకటి ఒంటికి బిగుతుగా పట్టే జాకెట్. ఛాతీ చుట్టూ మెత్తగా నొక్కిపట్టి నెమ్మదింపజేస్తుందని చెబుతారు. మొదటిరోజు వేయగానే మల్లి కదలకుండా నిలబడిపోయింది, అబ్బ ఎంత కుదురో అనుకున్నాను. ఫోటో పంపిస్తే డాక్టరమ్మ "అది కుదురు కాదు, కొయ్యబారడం, తీసేయండి" అన్నారు. తోక కాళ్ల మధ్య, నోరు బిగబట్టి, కళ్లు ఒకేచోట. నిజంగా నెమ్మదించిన కుక్క ఒళ్లు వదులు చేస్తుంది, ఒరిగి పడుకుంటుంది, నిట్టూరుస్తుంది. తర్వాత వారం రోజులు జాకెట్‌ని నేలమీద పరిచి దానిమీద తినడానికి పెట్టి, ఆపైన వీపుమీద ఊరికే కప్పి, ఆఖర్న పట్టీలు వేశాం. ఆ పట్టీలు విప్పేటప్పుడు వచ్చే బర్రుమనే చప్పుడు కూడా కొన్ని కుక్కలకు పడదు, గుడ్డ అడ్డంపెట్టి నెమ్మదిగా విప్పాలి. ఉరుములప్పుడు మల్లికి కొంత ఆసరాగానే ఉంది. మూడు స్టార్లు ఇస్తాను. పూటంతా వేసి ఉంచకూడదు, ఎండాకాలం అసలే వద్దు.

రెండోది ప్లగ్‌లో పెట్టే ఫెరొమోన్ సీసా, అంటే జంతువులు ఒకదానికొకటి సంకేతమిచ్చుకునే పదార్థం. పిల్లలు పుట్టిన కొన్ని రోజులకి తల్లికుక్క పొదుగు దగ్గర ఊరే పదార్థానికి నకలు అది, మన ముక్కుకి వాసన తెలియదు. సీసా నెల వస్తుంది. దీనివల్ల మా మల్లికి తేడా వచ్చిందని చెప్పలేను, రాలేదనీ చెప్పలేను, ఎందుకంటే నొప్పి మందుతోపాటే మొదలుపెట్టాను. లెక్కలు చెప్పేదాన్ని, రెండు మార్పులు ఒకేసారి చేయకుండా ఉండాల్సింది.

అసలు పని చేసింది మందు, ఆ తర్వాత చికెన్. బీప్‌ని ఫోన్‌లో రికార్డు చేశాను. వినీ వినబడనంత తక్కువ సౌండుతో వినిపించి, విన్న మరుక్షణం ఉడికించిన చికెన్ పోగు ఒకటి. చప్పుడు ముందు, ముక్క తర్వాత. తారుమారైతే లాభం లేదు, చికెన్ డబ్బా తీయడమే భయానికి గుర్తు అయిపోతుంది. రోజుకి రెండుసార్లు, ఐదు నిమిషాలు దాటకుండా. మల్లి చెవులు వెనక్కి వాల్చినా, ముక్క తీసుకోకపోయినా సౌండు ఎక్కువైందని అర్థం, తగ్గించాలి. నాలుగో రోజున నేను తొందరపడి రెండు గీతలు ఒకేసారి పెంచాను. ముక్క వదిలేసి బాత్‌రూమ్‌లోకి వెళ్లిపోయింది. మళ్లీ మొదటికి వచ్చి, వారం ఆలస్యమైంది. ఈ ఓపిక లేని రోజుల్లో అసలు చేయకపోవడమే మంచిది.

ఇంకో భ్రమ కూడా వదిలింది. "భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుంది, పట్టించుకోవద్దు" అని నాకు అందరూ చెప్పారు, నేనూ ఇంకొకరికి చెప్పాను. భయం అనేది కావాలని చేసే పని కాదు, ముద్దు చేస్తే పెరగడానికి. మల్లి వచ్చి ఆనుకుంటే ఇప్పుడు వీపుమీద చెయ్యి వేసి కూర్చుంటున్నాను, క్లాసు జరుగుతున్నా సరే.

ఇవన్నీ చేసినా తగ్గని కుక్కలుంటాయి. వాటికి మందులున్నాయి, అది మత్తెక్కించి పడుకోబెట్టడం కాదు. కుక్కల్లో ఒంటరితనపు ఆందోళనకి క్లోమిప్రమిన్‌కి 1998లో, ఫ్లూఆక్సెటిన్‌కి 2007లో, చప్పుళ్ల భయానికి చిగుళ్లకి పూసే డెక్స్‌మెడెటొమిడిన్ జెల్‌కి 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. డాక్టర్ చూసి రాయాల్సినవి. మాకు అంతదాకా రాలేదు, వస్తే మాత్రం వెనకాడను.

నా మాట మీద ఈ మెషీన్ కొన్న ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. ఒకరు వెంటనే తీసేశారు. ఇంకొకరు "మాదానికి బాగానే ఉంది" అన్నారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. మొరుగులు లెక్కపెట్టకండి, కుక్క ఎక్కడ పడుకుంటోందో చూడండి. రోజూ పడుకునే చోటు మానేసిందా? పిలిస్తే వస్తోందా? పడుకుని లేచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఒక నిమిషం వీడియో తీసి, సౌండు ఆపి చూడండి. దాన్ని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మొన్న క్లాసు మధ్యలో పై వాటా వాళ్ల వాషింగ్ మెషీన్ కీచుమంది, మాదాంట్లో ఆపేశాం గానీ వాళ్లదాన్ని ఆపలేం కదా. చాప మీద పడుకున్న మల్లి తల ఎత్తింది. చెవులు ఒక్క క్షణం వెనక్కి వాలి మళ్లీ నిలబడ్డాయి. మొరగలేదు. నెమ్మదిగా లేచి, కుర్చీ పక్కకి వచ్చి, నా చేతివైపు చూసింది. డబ్బాలో ముక్కలు అయిపోయాయి. "ఒక్క నిమిషం" అని పిల్లలకి చెప్పి వంటింట్లోకి వెళ్లాను. నా వెనకే గోళ్ల చప్పుడు చేసుకుంటూ వచ్చింది.